విద్యుత్ ఆవము – కుమ్మరికి కొత్త దారి

చేబ్రోలు మొదలగు గ్రామముల పంచాయతీ సభ్యులకు మా మనవి. బయటి ఆవమున మంట ఒకవైపు హెచ్చినను, వాన కురిసినను కుమ్మరి శ్రమ వ్యర్థమగును. విద్యుత్ ఆవమున పొగ యుండదు. వేడిమి అదుపులో నుండును. అయినను తొందర కూడదు. పాత్రలో తడి మిగిలినచో 100 డిగ్రీల వద్ద ఆవిరియై పగులగొట్టును. కావున బాగుగ ఆరబెట్టి, మెల్లగ వేడిని పెంచి, సుమారు 900 డిగ్రీల వద్ద కాల్చవలెను. పిదప గాజుపూత పూసి మరల కాల్చినచో కుండీలు, బొమ్మలు, పలకలు నిగనిగలాడును. సీసము కలిసిన పూత భోజన పాత్రలకు తగదు.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున కుమ్మరులకును చోటు లభించినది. దరఖాస్తుల తొలి పరిశీలన గ్రామ పంచాయతీలకే అప్పగింపబడినది. ఆవము ఖరీదైనది. కావున పలువురు కుమ్మరులు కలిసి ఒకటి నెలకొల్పుకొనుటకు పంచాయతీ స్థలము చూపినచో కులవృత్తి నిలుచునని మేము విశ్వసించుచున్నాము.