కుక్కపిల్ల ఆటకాటు మాన్పించు విధము

మన తెలుగువారు తరతరములుగా స్థిరపడియున్న తమిళదేశపు రాజపాళయము, తన పేరనే ప్రసిద్ధి చెందిన తెల్లని వేటకుక్కలకు పుట్టినిల్లు. 2005వ సంవత్సరమున భారత తపాలాశాఖ వెలువరించిన బిళ్ళలలో ఆ జాతికిని, కర్ణాటకములోని ముధోల్ జాతికిని చోటు లభించినది. అంతటి పేరుగల జాతి కుక్కయైనను, వీధిలో దొరికిన పిల్లయైనను, పసితనమున ఒక విషయమునందు సమానమే. బిడ్డల వ్రేళ్ళు, అమ్మమ్మగారి చీర కుచ్చెళ్ళు, తాతగారి పంచె అంచు, అందినదానినెల్ల కొరుకును. అంతట కొందరు తల్లిదండ్రులు కర్ర పుచ్చుకొందురు; కొందరు దానిని మరల వీధిపాలు చేయుదురు. ఈ రెండును అనవసరములని మనవి చేయుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మనము వ్రేళ్ళతో తడిమి తెలిసికొనుదానిని కుక్కపిల్ల నోటితో తెలిసికొనును. దానికి మూడవ వారము మొదలు పాలపండ్లు మొలచును. అవి 28, సూదులవలె వాడియైనవి. నాలుగవ నెల మొదలు ఏడవ నెలలోపల అవి రాలి, 42 శాశ్వతదంతములు వచ్చును. ఆ దినములలో చిగుళ్ళ సలుపుచేత కొరుకుట మరింత హెచ్చును.

తోబుట్టువులతో ఆడునపుడు ఒక పిల్ల గట్టిగా కరచినచో, రెండవది కీచుమని అరచి ఆట మానివేయును. గట్టిగా కరచినచో ఆట పోవునని మొదటిది గ్రహించును. ఇట్లు పలుమారులు జరుగగా పంటి బిగువునకు హద్దు తెలియును. ఎనిమిది వారములు నిండకమునుపే తల్లినుండి వేరుచేసిన పిల్లకు ఈ పాఠము సగములో ఆగిపోవును. మిగిలిన సగము చెప్పవలసినది మన యిల్లే.

చెప్పు విధము సులభము. పన్ను చర్మమునకు తగిలినతోడనే చేతిని విదిలింపరాదు; కదలు వస్తువును వెంటాడుట దాని స్వభావము. చేతిని కదలనీయక, "వద్దు" అని మెల్లగా ఒక్కమాట అని, లేచి వెనుకకు తిరిగి అర నిమిషము దానివంక చూడకుండవలెను. పిమ్మట మరల ఆడుకొనవచ్చును. మరల కరచినచో మరల అట్లే చేయవలెను. కొరుకుటకు దానికంటూ ఒక వస్తువు, ముడివేసిన దళసరి గుడ్డవంటిది, ఎప్పుడును దగ్గర నుంచవలెను. పాతచెప్పు ఇయ్యరాదు; పాతదానికిని క్రొత్తదానికిని భేదము దానికి తెలియదు. నిద్ర చాలని పిల్ల మరింత కరచును గనుక, పగలు కూడ దానిని నిద్రపోనీయవలెను.

మూతిపై కొట్టుట మాత్రము కూడదు. దెబ్బ తిన్న పిల్లకు చేయి యనిన భయము కలుగును. భయపడిన కుక్క ఆటకు గాక ఆత్మరక్షణకై కరచును.

ఇంటిలో అందరు ఒక్కమాటపై నుండుట ముఖ్యము. తల్లి వలదన్నదానిని సాయంకాలము తాతగారు పంచె అంచు ఆడించుచు ప్రోత్సహించినచో, కొన్ని వారములలో రావలసిన ఫలితము నెలలు గడచినను రాదు. చిన్నబిడ్డలను, కుక్కపిల్లను పెద్దలు లేనిచోట విడువరాదు. అది తినునపుడును, నిదురించునపుడును తాకరాదని బిడ్డలకు నేర్పవలెను.

ముందుకాళ్ళు వంచి, వెనుకభాగమెత్తి, ఒడలు వదులుగా నుంచినది ఆట. ఒడలు బిగియబట్టి, తీక్ష్ణముగా చూచుచు, పెదవులెత్తి గుర్రుమనునది ఆట కాదు. అప్పుడు పశువైద్యుని సంప్రదింపవలెను.

ఆటలోనైనను పన్ను గీచి రక్తము కనబడినచో ఉపేక్షింపరాదు. గాయమును సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యునికి చూపవలెను. సున్నము, మిరపకారము, పసుపు పెట్టరాదు. 1885లో పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కాటునకు టీకాను మానవునకు ప్రయోగించెను. 1907లో నీలగిరులలోని కూనూరునందు ఆయన పేర సంస్థ వెలసెను. నేడు టీకా సులభముగా లభించుచున్నది. కాని వ్యాధిలక్షణములు పొడసూపిన పిమ్మట ప్రాణము దక్కుట దుర్లభము. కుక్కపిల్లకును మూడవ నెలలో ఈ టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను.

తల్లిదండ్రులారా! మీరు కుక్కపిల్లకు నేర్పుచున్నంతసేపును మీ బిడ్డ చూచుచునే యుండును. కర్ర యెత్తకుండ, కంఠమెత్తకుండ, చెప్పినమాటనే ఓర్పుతో మరల చెప్పి ఒక మూగప్రాణిని దారికి తేవచ్చునని ఆ బిడ్డయు నేర్చుకొనును. ఒక యింట ఇద్దరికి చదువు చెప్పినట్లగును.