సర్వీసింగ్ అయ్యాక బండి ఎందుకు తడబడుతుంది?

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మూడు పనులు మొదలవుతాయి: సామాను సర్దడం, టి.సి. తీసుకోవడం, బండిని సర్వీసింగుకు ఇవ్వడం. ఈ మూడో పనితో ఒక చిత్రమైన బాధ ఉంది. నిన్నటిదాకా బాగా నడిచిన పాత కారు షెడ్డు నుంచి తళతళలాడుతూ వస్తుంది. తీరా ఎక్సలేటరు తొక్కితే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తరువాతే అందుకుంటుంది.

ఒక్క క్షణమే కదా అనుకోకండి. మీలో కొందరి అమ్మానాన్నలు చింతలనార్ వైపు పనిచేస్తున్నారు. అది దోర్నపాల్ నుంచి జగర్‌గుండా వెళ్లే అడవి దారిలో ఉంది. (గోండిలో 'నార్' అంటే ఊరు.) అక్కడి నుంచి దోర్నపాల్ చేరాక గానీ జాతీయ రహదారి తగలదు. ఆ రహదారి మీద లారీని దాటబోతూ ఎక్సలేటరు తొక్కినప్పుడు ఇంజను తడబడితే, ఎదురుగా వచ్చే బస్సు మన కోసం ఆగదు.

ఉదాహరణకు పాత అంబాసిడర్‌ను తీసుకుందాం. ప్రభుత్వ కార్యాలయాల ముందు తెల్లగా, బుద్ధిగా నిలబడిన ఆ కారుకు ఒక ఉరుకుల చుట్టం ఉంది. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వాడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారు ఇంజను ఒకే కుటుంబానివి. రెండింటికీ ఎస్.యు. కార్బురేటరే, స్పోర్ట్స్ కారుకు రెండు ఉంటాయి. ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. ఆ స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. వారి తొలి కార్బురేటరులో తోలు తిత్తి వాడారంటే ఆశ్చర్యమేముంది!

కార్బురేటరు పని గాలిలో పెట్రోలును తగుపాళ్లలో కలపడం. ఎస్.యు.లో గుండ్రని బుడ్డి లాంటి గది ఉంటుంది. అందులో ఒక పిస్టన్, పిస్టన్ అడుగున సన్నగా చెక్కిన సూది ఉంటాయి. గాలి ఎక్కువగా వస్తే పిస్టన్ లేస్తుంది, సూదీ లేస్తుంది, పెట్రోలు రంధ్రం పెద్దదవుతుంది. చిక్కల్లా ఎక్సలేటరును ఒక్కసారిగా తొక్కినప్పుడే. పిస్టన్ ఎగిరి పైకి పోతే గాలికి దారి వెడల్పవుతుంది, పెట్రోలును లాగే ఒత్తిడి తగ్గుతుంది. ఆ క్షణం ఇంజనుకు గాలే తప్ప చాలినంత పెట్రోలు అందదు. అలా ఎగరకుండా పిస్టన్ బోలు కాడలో కొంచెం నూనె పోస్తారు. పైమూతకు వేలాడే కమ్మీ ఆ నూనెలో మునిగి, పిస్టన్‌ను నెమ్మదిగా లేవనిస్తుంది.

మాతో పనిచేసిన ఒక మాస్టారి కారుకు జరిగింది ఇదే. ఒక షెడ్డులో కార్బురేటరు విప్పి, శుభ్రంగా కడిగి, బిగించి ఇచ్చారు. కడిగినప్పుడు పోయిన నూనెను మళ్లీ పోయలేదు. తరువాతి ఊళ్లో ప్లగ్గులు మార్చారు, ఆ తరువాతి ఊళ్లో పాయింట్లు మార్చారు. తడబాటు మాత్రం పోలేదు. ప్రతి బదిలీకీ కొత్త మెకానిక్కు. మొదటి షెడ్డులో ఏం విప్పారో వాళ్లకెలా తెలుస్తుంది? చివరికి ఒక ముసలి మేస్త్రీ ఏమీ విప్పకుండా, "ఆఖరున దేని మీద చెయ్యి పడింది బాబూ?" అని అడిగారు. కార్బురేటరు మూత తిప్పి చూస్తే కమ్మీ పొడిగా ఉంది. నాలుగు చెంచాలు కూడా పట్టని నూనెతో పని తీరింది.

మా దృష్టిలో ఆ ప్రశ్నే అసలు పనిముట్టు. మీ ఇంట్లో బండికి ఒక నోటుపుస్తకం పెట్టించండి. తేదీ, ఊరు, ఏం విప్పారు, ఏం మార్చారు, అంతే. మీ టి.సి. లాగే అదీ బండితో ఊరూరా రావాలి.

తడబాటు తీరును బట్టి కూడా చోటు పట్టుకోవచ్చు. మెల్లగా తొక్కితే బాగుండి, గట్టిగా తొక్కితేనే ఆగుతుంటే ముందు ఆ నూనె చూడాలి. నూనె సరిగ్గా ఉంటే, ఇంజను ఆపి పిస్టన్‌ను వేలితో ఎత్తి వదలాలి; 'టక్'మని కిందపడాలి. పడకపోతే సూది వంగిందనో, బిగింపు కుదరలేదనో అర్థం. ఎత్తు ఎక్కేటప్పుడు, వేగంగా పోయేటప్పుడు మాత్రమే బండి నీరసిస్తే పెట్రోలు ఫిల్టరు, పంపు చూడాలి. అన్ని వేగాల్లోనూ మిస్సింగ్ కొడుతుంటే పాయింట్ల గ్యాప్ (సుమారు 0.4 మి.మీ. ఉండాలి), కండెన్సరు, ప్లగ్గు తీగలు చూడాలి. డిస్ట్రిబ్యూటరుకు వెళ్లే సన్నని గాలి గొట్టం ఊడిపోయినా పికప్ తగ్గుతుంది. సర్వీసింగులో దాన్ని తగిలించడం మరచిపోవడం మామూలే. ఒకసారికి ఒక్కటే మార్చి, నడిపి చూడాలి. నాలుగూ కలిపి మారిస్తే బండి బాగుపడినా ఎందువల్లో తెలియదు.

ఇవన్నీ పెద్దల పక్కన నిలబడి చూడవలసినవి. పెట్రోలు దగ్గర మీ చేతులు వద్దు. నూనె పోసేటప్పుడు మాత్రం ఒక మాట గుర్తుచేయండి: పలచని ఇంజనాయిలే పోయాలి. గేరు నూనె లాంటి చిక్కటిది పోస్తే పిస్టన్ లేవడానికే బద్ధకించి, బండి మళ్లీ తడబడుతుంది, ఈసారి పెట్రోలు ఎక్కువై.