తూటా అడుగున రాగి టోపీ

దీపావళి వచ్చినదనగా పిల్లలు బొమ్మతుపాకిలో మందుబిళ్ళ నుంచి మీట నొక్కుదురు. చిన్న సుత్తి దానిపై పడును. బిళ్ళ టప్పున పేలును. అగ్గిపుల్ల లేదు, వత్తి లేదు. దెబ్బ వలననే నిప్పు పుట్టినది. రైఫిలు తూటా అడుగున నుండు ప్రైమరు చేయు పనియు నిదియే. శనగగింజకంటె చిన్నదైన ఆ లోహపు టోపీనుండి వెలువడిన జ్వాల తూటాలోని మందును ముట్టించును. మందు మండి వాయువై గుండును గొట్టమునుండి వెడలగొట్టును.

ఈ ఉపాయమునకు మూలపురుషుడు సైనికుడు కాడు, ఒక మతాచార్యుడు. స్కాట్లండులోని బెల్‌హెల్వీ గ్రామమున చర్చి ఆచార్యుడైన అలెగ్జాండరు జాన్ ఫోర్సైత్‌కు పక్షుల వేటయందు మక్కువ మెండు. ఆనాటి తుపాకులలో చెకుముకిరాయి ఉక్కును తాకి నిప్పురవ్వలు రాల్చెడిది. అవి మొదట వెలుపలి పళ్లెములోని మందును, పిమ్మట లోపలి మందును అంటించెడివి. ఆ నడుమ క్షణములో పళ్లెముపై మెఱపును చూచి పక్షులు ఎగిరిపోయెడివి. వాన కురిసినచో మందు తడిసి తుపాకి మూగవోయెడిది. దెబ్బ తగిలినంతనే మండు ఫల్మినేటు జాతి రసాయనములతో ఈ లోపమును తీర్చి, ఫోర్సైత్ 1807లో పేటెంటు పొందెను. 1820 దశకమున ఆ రసాయనమును చిన్న రాగి టోపీలో నింపి వాడుట వ్యాపించెను.

మన చరిత్ర పాఠములలో 1857నాటి తిరుగుబాటుకు తక్షణకారణముగ చెప్పబడు కొవ్వుపూసిన తూటాలు ఎన్‌ఫీల్డు రైఫిలువి. ఆ రైఫిలును పేల్చినదియు ఇట్టి టోపీయే. అయితే అప్పటికి కాగితపు తూటా వేరు, టోపీ వేరు. తదుపరి ఇత్తడి తూటాలు రాగా, టోపీ తూటా అడుగుననే చేరి ప్రైమరైనది.

దెబ్బకు మందు నలగవలెనన్న, కమ్మరి ఇనుమునకు వలె, క్రింద దాగలి యుండవలెను. 1866లో ఇంగ్లండున ఎడ్వర్డు బాక్సరు, అమెరికాలో హైరం బెర్డాను వేర్వేరు పద్ధతులకు పేటెంట్లు పొందిరి. బాక్సరు దాగలిని ప్రైమరులోనే యుంచెను. నిప్పు పోవుటకు తూటా అడుగున నడుమ ఒకే రంధ్రము చాలును. బెర్డాను దాగలిని తూటా అడుగుననే మలచెను. దాని ప్రక్కల సాధారణముగ రెండు సన్నని రంధ్రములుండును. చిత్రమేమనగా, ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో స్థిరపడెను. అమెరికనుని పద్ధతి ఐరోపా సైన్యములలో నెలకొనెను.

ఈ భేదము అమెరికాలోని వేటగాండ్రకును, గురికాండ్రకును మిక్కిలి ఉపకరించెను. అచ్చట పలువురు పేలిన ఇత్తడి తూటాలను పారవేయక, ఇంటనే క్రొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చి మరల వాడుకొందురు. బాక్సరు తూటాలో నడిమి రంధ్రమున సన్నని కడ్డీ దూర్చి నెట్టినంతనే పాత ప్రైమరు ఊడివచ్చును. బెర్డాను తూటాలో ఆ సౌలభ్యము లేదు.

ఇక ఎంపిక మాట. బాక్సరు ప్రైమర్లు ముఖ్యముగ రెండు కొలతలవి: 0.175 అంగుళముల చిన్నవి, 0.210 అంగుళముల పెద్దవి. .223 రెమింగ్టను తూటాకు చిన్నది, .30-06 తూటాకు పెద్దది తగును. కొలత సరిపోయినంత మాత్రమున సరిపడినట్లు కాదు. పిస్తోలు ప్రైమరు రేకు పలుచన. .30-06 తూటాలో పీడనము చదరపు అంగుళమునకు 60,000 పౌన్ల వరకు పోవచ్చును. పలుచని రేకు దానికి తాళలేక చిల్లుపడినచో, మండుచున్న వాయువు వెనుకకు, కాల్చువాని ముఖమువైపునకు రాగలదు. గారండ్ వంటి సైనిక రైఫిళ్ళలో తూటా గదిలోనికి పోవునపుడే సూది ప్రైమరును తేలికగ తాకును. అట్టివానికి గట్టి రేకుగల ప్రైమరే క్షేమకరము; మెత్తనిదైనచో మీట నొక్కకయే తుపాకి ప్రేలు ప్రమాదము కలదు.

‘మాగ్నం’ అను తరగతి కూడ నున్నది. దాని జ్వాల తీవ్రమైనది. అధికపరిమాణమున నుండి సులభముగ అంటుకొనని మందుకును, తీవ్రమైన చలికిని అది ఉద్దేశింపబడినది. తీవ్రమైనది కనుక మేలైనదని ఎన్నుకొనువాడు పొరపడుచున్నాడు. మందు తూకము మార్చకయే ప్రైమరును మార్చినను పీడనము పెరుగవచ్చును. కావుననే తయారీదారుల పట్టికలలో మందుతోబాటు ప్రైమరు పేరును ముద్రింతురు. ప్రైమరును మార్చినవాడు మందును తగ్గించి, తిరిగి మొదటినుండి పరీక్షించుకొనుచు రావలెను.

పూర్వము మరియొక చిక్కు కూడ నుండెను. పాదరసపు ప్రైమర్లు ఇత్తడిని పెళుసుబార్చి మరల వాడుటకు పనికిరానట్లు చేసెడివి. క్లోరేటు ప్రైమర్లు మిగిల్చిన లవణము తేమను పీల్చి, నీటితో కడుగనిచో గొట్టమును త్రుప్పుపట్టించెడిది. 20వ శతాబ్దమున సీసపు స్టిఫ్నేటు వీని స్థానమును ఆక్రమించెను. సీసమును విషమే కనుక పనిముగిసిన పిమ్మట చేతులు కడుగుకొనుట నియమము. ప్రైమర్లను సీసాలో గుమ్మరించి యుంచరాదు. ఒకటి పేలిన అన్నియు పేలగలవు. వచ్చిన పెట్టెలోనే భద్రపరుపవలెను.

2020లో అమెరికాయందు ప్రైమర్లకు తీవ్రమైన కొఱత ఏర్పడెను. అలవాటైనవి దొరకక, చేతికందినదానిని వాడవలెనను ఆశ పుట్టుట సహజము. తన తూటాకు పరీక్షింపబడినది లభించువఱకు వేచియుండుటయా, దొరికినదానితో మరల మొదటినుండి పరీక్ష జరుపుటయా? ఈ రెండే వివేకమైన మార్గములు. మన దేశమున 1959నాటి ఆయుధముల చట్టము ననుసరించి లైసెన్సు లేక తూటాలు తయారుచేయరాదు. కావున ఈ ఎంపిక మనలో ఎక్కువమందికి తారసపడదు.

అయినను ఇందలి పాఠము ప్రయోగశాలలో నిలుచు ప్రతి విద్యార్థికిని వర్తించును. ఒక వస్తువు మంచిచెడ్డలు దానియందు మాత్రమే లేవు. అది దేనితో కూడి పనిచేయునో దానియందును కలవు. ఒక భాగమును మార్చినవాడు, అది ఎంత చిన్నదైనను, మొత్తమును తిరిగి పరీక్షింపక తప్పదు. శనగగింజయంతయు లేని టోపీ విషయమున ఈ నియమమును మరచినచో, మూల్యము చెల్లించునది తుపాకి వెనుకనున్న కన్ను.