అల్యూమినియమును అరగదీయుట

ఇనుము కఠినమైనది, అల్యూమినియము మెత్తనిది. కావున ఇనుమును అరగదీయు చక్రము అల్యూమినియమును మఱింత తేలికగా అరగదీయునని పెక్కుమంది తలంతురు. ఈ తలంపుతో పనికి దిగినవానికి కొలఁది నిమిషములలోనే ఆశాభంగము కలుగును. చక్రము కొంతసేపు కోయును, పిదప జాఱును, పిదప మూలుగును. లోహము మాత్రము తఱుగదు. పనివాఁడు విసిగి చక్రమును మఱింత గట్టిగా అదుమును. అపాయము పుట్టుట అచ్చటనే.

ఒక వస్తువును దృష్టాంతముగా తీసికొందము. వసతిగృహపు వంటయింట అన్నము వండు పెద్ద అల్యూమినియపు గుండిగకు చెవియొద్ద పగులు వచ్చినదనుకొనుఁడు. వెల్డింగు చేసి అతికిరి. అతుకుమీఁద లోహము గుబ్బగా నిలిచినది. ఆ గుబ్బను గుండిగ మట్టమునకు దింపవలయును. (ఇట్టి పాత్రలు మన దేశమునకు మిగుల ప్రాచీనములు కావు. 1898లో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొర మద్రాసులోని స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ నందు అల్యూమినియపు పాత్రలు చేయించుట మొదలిడిన పిదపనే దక్షిణదేశపు వంటయిండ్లకు ఇవి పరిచయమయ్యెను.) ఈ గుబ్బను దింపుటకు ఏ సాధనము పట్టవలయును?

ముందుగా ఈ లోహపు స్వభావము తెలియవలెను. అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును; ఇనుమునకు 1,538 డిగ్రీలు కావలయును. కరగుటకు చాల ముందే అది మెత్తబడి అంటుకొన నారంభించును. ఇనుమును అరగదీయునపుడు రజను నిప్పురవ్వలై ఎగిరిపోవును. చక్రము శుభ్రముగా నిలుచును. అల్యూమినియపు రజను అట్లు పోక, రాపిడి వేడికి మెత్తనై, చక్రపు రంధ్రములలో మైనమువలె పూడుకొనును. కోయవలసిన రేణువుల అంచులు దానిక్రింద మునిగిపోవును. ఇఁక అక్కడ రుద్దుచున్నది రాయి కాదు, అల్యూమినియముమీఁద అల్యూమినియము. వేడి హెచ్చును. వేడికి అల్యూమినియము ఇనుముకంటె ఇంచుమించు రెట్టింపు వ్యాకోచించును. రంధ్రములలో నిండిన లోహము ఉబ్బి చక్రమును లోపలినుండియే చీల్చగలదు. నాలుగంగుళముల చేతిగ్రైండరు నిమిషమునకు రమారమి 11,000 మార్లు తిరుగును. అనఁగా దాని డిస్కు అంచు సెకనుకు 57 మీటర్లకు పైగా పరుగిడుచుండును. ఆ వేగమున ఊడివచ్చిన ముక్క ముఖమునకు తగిలిన నేమగునో చదువరులే ఊహింపవచ్చును.

కాఁబట్టి ఇచ్చట అడుగవలసిన ప్రశ్న "ఏది ఎక్కువ కఠినము?" అని కాదు, "తెగిన రజను ఎటు పోవును?" అని. సాధనములను ఎన్నుటలో ఇంతకు మించిన కొలమానము నాకు కానరాదు.

రాపిడి ద్రవ్యములలో మొదట పేర్కొనవలసినది కురువిందము. ఇంగ్లీషువారు దీనిని కొరండము అందురు. ఆ మాట మన దక్షిణదేశపు భాషలలోని కురువిందము, కురుందము అను మాటలనుండియే వారికి చేరినది. తెలంగాణములో ఖమ్మము ప్రాంతమున ఈ రాయి దొరకుచున్నది. వజ్రపు కాఠిన్యమును 10గా లెక్కించు మోస్ కొలతలో దీనికి 9వ స్థానము. వింత యేమనఁగా, ఇది అల్యూమినియము ప్రాణవాయువుతో కలిసినందున ఏర్పడినది. ఇనుమునకు తుప్పు ఎట్టిదో అల్యూమినియమునకు ఇది అట్టిది. లోహము మూడవ స్థానమునకైనను అందదు; దాని తుప్పు తొమ్మిదవ స్థానమున నుండును! నేఁడు బాక్సైటును విద్యుత్కొలిమిలో కరగించి ఈ ద్రవ్యమును కృత్రిమముగా చేయుచున్నారు. రెండవది కార్బొరండము. దీనిని 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ కనిపెట్టెను. ఇందు కురువిందము లేశమైనను లేదు. ఇది బొగ్గునందలి కర్బనమును, ఇసుకయందలి సిలికానును కలిసిన పదార్థము. తొలుత దాని కూర్పును పొరపడి పెట్టిన పేరే నిలిచిపోయినది.

జిగురుతో బిగించిన గట్టి చక్రములలో అయినచో, కురువిందపు చక్రము ఉక్కునకును, కార్బొరండపు చక్రము అల్యూమినియము, ఇత్తడి వంటివానికిని తగును. కార్బొరండపు రేణువులు పదునైనవి. బంధనము మెత్తనిదైనచో మొద్దువాఱినవి రాలి క్రొత్తవి బయటపడును. కాని గరుకుకాగితముల విషయమున రేణువు జాతికంటె రేణువుల నడుమనున్న ఎడము ముఖ్యము. దట్టముగా పరచిన కాగితము త్వరలో పూడిపోవును. పలుచగా చల్లినది నిలుచును. జింకు స్టియరేటు అను సబ్బువంటి తెల్లని పూఁత పూసిన కాగితములును అంగళ్లలో దొరకును. ఆ పూఁత రజనును అంటుకొననీయదు. వెల కొంచె మెక్కువైనను అట్టిదే కొనుట మేలు. పూడిన కాగితములను పాఱవేయుటకంటె అదియే చౌక.

ఇఁక గుండిగ సంగతి. చేత గ్రైండరు ఉన్నను మొదట ఆకురాయి పట్టుఁడని నా సలహా. విద్యార్థులు దీనిని పాతకాలపు పనిముట్టని చిన్నచూపు చూతురు. కాని అల్యూమినియమునకు దీనివలె ఒదుగునది మఱొకటి లేదు. ఏలన, దాని పండ్లు కోయునవే కాని రుద్దునవి కావు, వేడి తక్కువ. అయితే సన్నని పండ్లది పనికిరాదు. పెద్ద పండ్లు ఎడముగా, ఒకే వాలుగా నుండవలెను. రెండు వాలులు అడ్డముగా కోసిన ఆకురాయి ఇనుమునకు మంచిది గాని, దాని చిన్న గుంటలలో అల్యూమినియము ఇఱుకును. ఇఱికిన తునక ఊరక యుండదు, తరువాతి తోపులో గుండిగమీఁద లోతైన గీఁతను గీయును. దీనికి ఉపాయము మీ తరగతిగదిలోనే యున్నది: పని మొదలిడుటకు ముందు ఆకురాతి పండ్లనిండ సుద్దముక్కను రుద్దుఁడు. గుంటలు సుద్దతో నిండియుండుటచే లోహము నాటుకొనదు. పది పండ్రెండు తోపుల కొకసారి తీగెల బ్రష్షుతో పండ్ల వాలుననుసరించి దులిపి, మరల సుద్ద రుద్దవలెను. ముందునకు త్రోయునపుడే బలము. వెనుకకు తీయునపుడు ఆకురాతిని కొంచెము ఎత్తవలెను.

గుబ్బ మిగుల పెద్దదైనచో యంత్రము కావలసివచ్చును. అప్పుడు ఇనుమునకు వాడు గట్టి డిస్కు వలదు. గరుకుగుడ్డ రేకులను పూవువలె ఒకదానిమీఁద నొకటి పేర్చిన ఫ్లాపు డిస్కును, అందును అల్యూమినియమున కని తయారుచేసినదానిని, 40 లేక 60 సంఖ్యలో వాడవలెను. (సంఖ్య పెరిగినకొలఁది రేణువు సన్నమగును.) దానికి మైనపు కడ్డీని తాకించుచు, తేలికగా పట్టి, ఒకచోట నిలుపక కదుపుచుండవలయును. అల్యూమినియము కాలినపుడు ఎఱ్ఱబాఱదు. చూపునకు చల్లగానే కనఁబడి చేతిని కాల్చును. చివర 80, 120, 240 సంఖ్యల కాగితములను వరుసగా రుద్దిన చాలును. ఒక్కొక్క కాగితమును ముందటిదానికి అడ్డముగా రుద్దినయెడల పాత గీఁతలు పోయినవో లేదో తెలియును.

ఇనుమునకు వాడిన డిస్కును దీనికిని, దీనికి వాడినదానిని ఇనుమునకును మార్చరాదు. ఇనుపరేణువులు అల్యూమినియములో నాటుకొన్నచో తడి తగిలినప్పుడెల్ల అచ్చట గుంటలు పడును. అంతకంటె పెద్ద కారణ మొకటి కలదు. తుప్పుపొడియు అల్యూమినియపు పొడియు కలిసి నిప్పు తగిలినచో భయంకరముగా మండి, కరగిన ఇనుమును పుట్టించును. జర్మనీలో హన్స్ గోల్డ్‌ష్మిట్ 1890ల దశాబ్దమున ఈ ప్రక్రియను సాధించెను. మన రైలుమార్గములందు పట్టాలను అతుకుట కిప్పటికిని దీనినే వాడుచున్నారు. పట్టాలమధ్య ఇది మేలు చేయును, పనిబల్లమీఁద చేయదు.

రవ్వలు లేవు కనుక భయము లేదని తలంపరాదు. గాలిలో తేలు సన్నని అల్యూమినియపు ధూళి తగినంత చేరినయెడల నిప్పు తగులఁగనే ప్రేలును. 2014 ఆగష్టు 2వ తేదీన చైనాలోని కున్షాన్ పట్టణమున మోటారుకారుల అల్యూమినియపు చక్రములకు మెఱుగుపెట్టు కర్మాగారములో ఇట్టి ధూళి ప్రేలి 146 మంది మృతినొందిరి. ఒక్క గుండిగ అతుకువలన అంత ధూళి పుట్టదు, నిజమే; కాని వారము వారము ఊడ్వని మూలలో చేరునది కొంచెము కాదు. గదిని తెఱచియుంచి, కన్నులకు అద్దములు, ముక్కునకు మాస్కు ధరించి, పని ముగియఁగనే మెత్తని చీపురుతో నెమ్మదిగా ఊడ్వవలెను. ఆ పొడి అంటుకొన్నచో నీరు చల్లరాదు. పొడి ఇసుక పోయవలెను. తడిసిన పొడిని మూఁత బిగించిన డబ్బాలోను ఉంచరాదు, దానినుండి ఉదజని వాయువు పుట్టును.

గుండిగను వంటకు పంపుటకు ముందు అతుకుమీఁద నూలుగుడ్డను అటునిటు లాగి చూడుఁడు. పోఁగు తగులుకొన్నచోట 240 కాగితమును మరల కొంచెము రుద్దవలెను. పిదప రేణువు లేమియు మిగులకుండ వేఁడినీళ్లతోను సబ్బుతోను రెండుమార్లు కడుగవలెను. చాకలిసోడా మాత్రము వాడకుఁడు. అది అల్యూమినియమును తినివేయును.