ఆటగాడి తెలివి

"వాడికి చదువు అబ్బలేదు, అందుకే బంతాటలో పడ్డాడు" అనే మాట మన కాలేజీ వరండాల్లో తరచు వింటుంటాను. సైకాలజీ చదువుతూ సాయంత్రాలు హాఫ్‌బ్యాక్‌గా ఆడేవాణ్ణి కనుక, ఇందులో నిజమెంతో చెప్పాలనిపించింది.

బంతి కాలికందిన క్షణంలో ఆటగాడికి మూడు పనులుంటాయి. మిగతా 21 మందిలో ఎవరెక్కడున్నారో మనసులో ఉంచుకోవాలి. ఇద్దామనుకున్న పాస్‌కి ఎవడైనా అడ్డమొస్తే కాలిని ఆపుకోవాలి. వెంటనే మరో దారి చూసుకోవాలి. వీటినే మనస్తత్వ శాస్త్రంలో కార్యనిర్వహణ శక్తులంటారు. క్లాసులో వచ్చే మార్కులు వీటిని పూర్తిగా కొలవలేవు.

స్వీడన్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2012లో ప్రకటించిన అధ్యయనంలో, ఈ శక్తులు సామాన్యులకన్నా ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు, వారిలోనూ పైడివిజన్ వాళ్ళకు ఎక్కువని తేలింది. 2017లో 12 నుంచి 19 ఏళ్ళ కుర్రాళ్ళను పరీక్షించినప్పుడు, అప్పటికప్పుడు విషయాల్ని మనసులో నిలుపుకునే శక్తికీ, కొట్టిన గోల్స్‌కీ సంబంధం కనిపించింది. అయితే సంబంధం వేరు, కారణం వేరు. తెలివి వల్ల ఆట వచ్చిందో, ఆట వల్ల తెలివి పదునెక్కిందో ఆ లెక్కలు చెప్పవు. కాబట్టి కాగితం మీద పరీక్షపెట్టి జట్టును ఎంచుకుందామంటే కుదరదు.

పోనీ, తెలివుంటే చాలునా? 2006 ప్రపంచకప్ ఫైనల్లో జిదాన్ 110వ నిమిషంలో ప్రత్యర్థి ఛాతీమీద తలతో పొడిచి బయటికి పోయాడు. ఆ ఆటను ఫ్రాన్స్ పెనాల్టీల్లో పోగొట్టుకుంది. అంతటి ఆటగాడికీ ఒక్క క్షణం కోపం ఆగలేదు మరి! తన ఉద్వేగాన్ని గుర్తించి అదుపులో పెట్టుకోవడం, తోటివాడి మనసెరిగి మసలుకోవడం కూడా ఆటలో భాగమే.

ఈ రెండూ నేర్పితే వచ్చేవేనని మన హైదరాబాదు రహీం సాబ్ ఎప్పుడో చూపించారు. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. డ్రిబ్లింగ్ లేకుండా పోటీలు పెట్టేవారు. అలా ఆడితే బంతి రాకముందే తలెత్తి చూడక తప్పదు. 1962 ఏషియన్ గేమ్స్ ఫైనల్లో, జకార్తా ప్రేక్షకులు మనవాళ్ళకు వ్యతిరేకంగా హోరెత్తిస్తున్నా, ఆయన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ అందులో ఒక గోల్ కొట్టాడు.

మన మైదానం సంగతి చూడండి. తప్పు పాస్ ఇచ్చిన కుర్రాణ్ణి పదిమందిలో తిడితే, మర్నాటినుంచి వాడు బంతి అడగడమే మానేస్తాడు. బంతి అడగనివాడికి ఆలోచించే అవకాశమెక్కడిది? వాడి తెలివి గట్టుమీదే ఉండిపోతుంది. అరవడానికి బదులు "అప్పుడు నీకేం కనిపించింది?" అని అడిగితే, వాడు ఆ క్షణాన్ని మళ్ళీ తలచుకుంటాడు. వచ్చే ఏడు ఎంపికలప్పుడు మన గేమ్స్ సెక్రటరీ, సీనియర్లు ఎత్తూ పరుగూ చూడటంతోపాటు, ఈ ఒక్క ప్రశ్న కూడా అడగాలని నా మనవి.