ఆవాహకుడు (వీడియో గేము పాత్ర)

పాత్రధారణ వీడియో గేములలో, తాను ముందు నిలిచి పోరాడక ఇతర జీవులను రప్పించి వాటిచేత యుద్ధం చేయించే పాత్రను ఆవాహకుడు అంటారు. ఆటగాళ్ళ వాడుకలో ఇది 'సమ్మనర్'. ఆటలో లభించే పాయింట్లను ఏ శక్తికి ఎంత కేటాయించాలో నిర్ణయించి పాత్రను తీర్చిదిద్దడాన్ని 'బిల్డ్' అంటారు.

పేరు

షోడశోపచార పూజలో దైవాన్ని పిలిచే ఉపచారం ఆవాహనం. పూజ ముగిశాక సాగనంపడం ఉద్వాసన. ఆటలలోని ఆవాహకుడు కూడా అవసరమైనప్పుడు శక్తిని పిలిచి, పని ముగిశాక పంపివేస్తాడు. అందువలన ఈ పదం ఇక్కడ సరిపోతుంది.

చరిత్ర

1974లో వెలువడిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్లపై ఆడే ఆటలో పంచభూతాలకు చెందిన జీవిని రప్పించే మంత్రం ఉంది. మాంత్రికుని ఏకాగ్రత చెదిరితే ఆ జీవి అతనిపైనే తిరగబడుతుంది. 1990లో జపాను నుండి వచ్చిన ఫైనల్ ఫాంటసీ 3 ఆవాహకుని ప్రత్యేక వృత్తిగా చూపింది. ఆ ఆటలలో 'శివ' అనే పేరుగలది మంచు శక్తిగల స్త్రీమూర్తి. మన శివునితో పేరులో తప్ప పోలిక లేదు. 2001 నాటి ఫైనల్ ఫాంటసీ 10లో యూనా అనే ఆవాహకురాలు ప్రధాన పాత్రలలో ఒకటి.

తెలుగు కథలలో

ఈ ఊహ తెలుగువారికి కొత్తది కాదు. విక్రమార్కుని కథలలో భేతాళుడు, రాజమహేంద్రవరానికి చెందిన మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలోని మంత్రతంత్రాలు ఇటువంటివే. 1951లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో వచ్చిన పాతాళభైరవి చిత్రంలో దేవి ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే కోరికలు వారికే నెరవేరుతాయి. ప్రతిమ చేజారగానే ఎస్.వి.రంగారావు ధరించిన నేపాళ మాంత్రికుడు బలహీనుడవుతాడు. ఆటలలోని ఆవాహకుని స్థితి కూడా ఇదే: బలం తనది కాదు, తాను పిలిచిన దానిది.

పాత్ర నిర్మాణం

2000లో విడుదలైన డయాబ్లో 2 ఆటలోని నెక్రోమాన్సర్ దీనికి మంచి ఉదాహరణ. ఇతడు చనిపోయిన శత్రువుల కళేబరాల నుండి అస్థిపంజర సైనికులను లేపుతాడు. స్థాయి పెరిగినప్పుడల్లా 1 విద్యా పాయింటు, 5 దేహ పాయింట్లు లభిస్తాయి. 99వ స్థాయికి చేరి, మూడు కఠినతలలోనూ కార్యాలు పూర్తి చేసినవారికి దక్కే విద్యా పాయింట్లు మొత్తం 110. ఒక్కొక్క విద్యకు గరిష్ఠం 20.

* మొదట అస్థిపంజరాలను లేపే విద్యకు, వాటి ప్రాణబలాన్నీ దెబ్బనూ పెంచే విద్యకు చెరి 20 ఇస్తారు. 2003 నాటి 1.10 కూర్పు ప్రకారం మొదటి 3 పాయింట్లకు ఒక్కొక్కటి, ఆపై ప్రతి 3 పాయింట్లకు ఒకటి చొప్పున అస్థిపంజరాలు పెరుగుతాయి. అనగా 20 పాయింట్లకు 8.
* శత్రువుకు తగిలే ఆయుధపు దెబ్బను రెట్టింపు చేసే శాపానికి 1 పాయింటు చాలు. సైన్యం మొత్తానికి లాభం కనుక ఇంత చౌక అయినది మరొకటి లేదు.
* మట్టి బొమ్మ వంటి గోలెం ఒక్కసారికి ఒకటే ఉంటుంది. దానిని శత్రువుకు అడ్డుగా నిలుపుతారు.
* దేహ పాయింట్లలో కవచం ధరించడానికి తగినంత బలం ఉంచుకొని, మిగిలినవి ప్రాణశక్తికి ఇస్తారు.

2010 నాటి 1.13 కూర్పుకు ముందు, ఒకసారి వేసిన పాయింటును వెనక్కు తీసుకొనే వీలు లేదు. తప్పు చేస్తే పాత్రను మొదటి నుండి మళ్ళీ పెంచవలసిందే. ఆ కారణం చేతనే ఆటగాళ్ళు ముందుగా కాగితంపై లెక్క వేసుకొనేవారు.

పరిమితులు

కళేబరం లేనిదే సైనికుడు లేడు. కనుక మొదటి శత్రువును ఆవాహకుడే ఎలాగో ఒకలాగ చంపుకోవాలి. రెండవ అంకం చివర వచ్చే డ్యూరియెల్ ఒంటరిగా ఒక గదిలో ఉంటాడు. అక్కడ సైన్యం నశిస్తే తిరిగి లేపడానికి కళేబరాలు దొరకవు. అప్పుడు గోలెం ఒక్కటే దిక్కు, దానిని లేపడానికి కళేబరం అక్కరలేదు కనుక. ఇరుకైన దారులలో సైనికులు ఒకరి వెనుక ఒకరు నిలిచిపోవడం మరొక చిక్కు.

అన్ని పాయింట్లూ సైన్యానికే పోసినవాడు సైన్యం లేని క్షణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ క్షణానికి ఏమి మిగుల్చుకున్నాడన్నదే మంచి నిర్మాణానికి గీటురాయి.

ఇవి కూడా చూడండి

* కాశీమజిలీ కథలు
* పాతాళభైరవి
* వీడియో గేము