తిన్నది ఒంటబట్టని పసివాడు - ఏ డాక్టరుకి చూపించాలి?

కొందరు పిల్లలు పెట్టింది తింటారు గానీ కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం ఉబ్బి కనబడుతుంది. దుర్వాసనతో విరేచనాలు, ఎప్పుడూ చిరాకు. దిష్టి అని ఒకరు, నులిపురుగులని ఇంకొకరు చెబుతారు. దిష్టీ తీస్తాం, పురుగుల మందూ వేస్తాం. అయినా బరువు పెరగక, ఐరన్ టానిక్కు పోసినా రక్తం పట్టకపోతే, "సీలియాక్ జబ్బేమో చూడండి" అని మనమే డాక్టరుని అడగాలి.

ఏమిటీ జబ్బు?

చపాతీ పిండి సాగేది గోధుమలోని గ్లూటెన్ వల్ల. బార్లీలోనూ అలాంటిది ఉంది. ఈ జబ్బున్న పిల్లలకి అది పడదు. చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని, తిన్న దాని సారం ఒంటికి చేరదు. గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదిలో ఈ జబ్బు ఎక్కువ. మనం అన్నం తినేవాళ్ళం కదా అనుకోకండి. బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు అన్నీ గోధుమవే!

ముందే గోధుమ మాన్పించకండి

ఎవరో చెప్పారని పరీక్షకు ముందే గోధుమ మానిపిస్తే పేగు కొంత కోలుకుని, జబ్బున్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. ఇప్పటికే మాన్పించి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి. మళ్ళీ ఎప్పుడు పెట్టాలో వారే చెబుతారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

మొదట మీ ఊళ్ళోని పిల్లల డాక్టరు చాలు. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష, దాంతోపాటు మొత్తం ఐజీఏ పరీక్ష రాయించుకోండి. కొందరు పిల్లల్లో ఐజీఏ సహజంగానే తక్కువ. అది చూడకపోతే మొదటి పరీక్ష మోసం చేస్తుంది.

తేడా వస్తే పిల్లల గ్యాస్ట్రో ఎంటరాలజిస్టుకి చీటీ రాయించుకోండి. వీరు చిన్న ఊళ్ళలో దొరకడం కష్టం, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉంటారు. ఉద్యోగాల మీద ఉత్తరాదిన ఉంటున్న మనవాళ్ళకి ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, లక్నో సంజయ్ గాంధీ పీజీఐ ఉన్నాయి. బయలుదేరే ముందు ఆస్పత్రికి ఫోన్ చేసి ఇవి కనుక్కోండి:

* పిల్లల గ్యాస్ట్రో డాక్టరు ఏ రోజుల్లో చూస్తారు?
* ఇంత చిన్నపిల్లలకి ఎండోస్కోపీ చేస్తారా? మత్తు డాక్టరు ఉంటారా?
* మొత్తం ఖర్చెంత?

ఎండోస్కోపీ అంటే బెంబేలు పడకండి. మత్తిచ్చి, నోటి గుండా సన్నని గొట్టం పంపి, పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తారు. కోత ఉండదు. రక్తపరీక్షలో అంకె చాలా ఎక్కువగా ఉంటే కొందరు పిల్లలకి ఇది అక్కరలేకపోవచ్చు. ఆ నిర్ణయం డాక్టరుదే.

వెంట తీసుకెళ్ళవలసినవి

టీకాల కార్డు, నెలనెలా బరువులు, పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు. వారం రోజులు బిడ్డ తిన్నదీ, విరేచనాలూ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. డాక్టరుగారి ఎదుట కంగారులో మనకేదీ గుర్తురాదు.

జబ్బు ఖాయమైతే

దీనికి మందు లేదు. జన్మంతా గోధుమ, బార్లీ మానడమే వైద్యం. బజారు ఇంగువ పొడిలో, మాల్టు కలిపిన పాలపొడుల్లో కూడా అవి ఉంటాయి. పొట్లం మీద రాసింది చదవండి. రాగులు, జొన్నలు గోధుమలు ఆడించే మరలో పట్టించకండి. ఇక ఇడ్లీ, పెసరట్టు, పప్పన్నం, రాగిజావ బిడ్డకి హాయిగా పెట్టవచ్చు. పేగు కోలుకుంటే బిడ్డ పుంజుకుంటాడు. ఆలస్యం చేస్తే పోయేది ఎదిగే వయసు. అది మళ్ళీ రాదు.